విమర్శ ఎవరి మీదో, తీసేసే అధికారం వాళ్ల చేతిలోనేనా?

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి నలుగురూ కలిసి చేసే సాఫ్ట్‌వేర్‌లో, బాధ్యతలు ఇచ్చేటప్పుడు అందరికీ ఉత్సాహమే. తీసేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక్కరికీ నోరు పెగలదు. పొమ్మనలేక పొగబెడతారు, లేదంటే రాత్రికి రాత్రి ప్రాజెక్టులో మార్పులు చేసే హక్కులు పీకేసి తెల్లారి ఏమీ జరగనట్టు ఉంటారు. మన కుర్రాడు ఒకడి విషయంలో జరిగింది చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను మాట్లాడేది పైసా తీసుకోకుండా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసేవాళ్ల గురించి.

కుర్రాడిది కావలి. పగలు కొరియర్ ఆఫీసులో పని, రాత్రి ల్యాప్‌టాప్. ఊళ్లు, మండలాలు, పిన్‌కోడ్లు చూపించే ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ డేటా అంతా అతనే చూసేవాడు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, అప్పుడు ఆ ఫైలంతా తిరగరాసింది అతనే. చీరాలను ప్రకాశంలోంచి తీసి బాపట్లలో పెట్టాలి. సూళ్లూరుపేటను నెల్లూరులోంచి తీసి తిరుపతిలో పెట్టాలి. వినడానికి చిన్న పనే. కానీ ఒక్కో మండలం, దాని కింద ఒక్కో ఊరు ప్రభుత్వ ఉత్తర్వులు పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉందనుకునేవాళ్లు ఈరోజుకీ ఉన్నారు, అలాంటిది అతను ఒక్క ఊరు కూడా వదల్లేదు.

తర్వాత ఒక కొత్త వెర్షన్ విడుదల చేసే హడావిడిలో ప్రాజెక్టు పెద్దాయన పాత ఫైలే మళ్లీ ఎక్కించేశారు. చీరాల తిరిగి ప్రకాశంలోకి వచ్చేసింది. కుర్రాడు అందరికీ కనబడేలా రాశాడు: విడుదలకు ముందు ఎవరూ సరిచూడటం లేదు, ఇలాగైతే మేం చేసిన పనికి విలువేముంది అని. మాట ఘాటుగానే ఉంది. తిట్టు మాత్రం ఒక్కటీ లేదు, నేను ప్రతి అక్షరం చదివాను. మర్నాడు ఏదో మార్పు కలపబోతే మెర్జ్ బటన్ పనిచేయలేదు. రైట్ యాక్సెస్ (మార్పులు చేసే హక్కు) ఉన్నవాళ్లు మాత్రమే మెర్జ్ చేయగలరని ఒక చిన్న లైను కనబడింది, అంతే. నాకు ఫోన్ చేసి "ఏందన్నా ఇది, నన్ను తీసేశారంటనా? ఒక్క మాట చెప్పుండొచ్చు గదన్నా" అన్నాడు. గట్టిగా అడిగితే వచ్చిన జవాబు: "ఈమధ్య యాక్టివ్‌గా లేరు కదా, అందుకని." ఆ వారంలోనే అతని మార్పులు కలిశాయి. తేదీలతో సహా రికార్డు ఉంది.

పనిచేయనివాళ్ల హక్కులు తీసేయడం తప్పని నేను అనను. తీసేయాలి కూడా. వాడకంలో లేని తాళంచెవులు అలా పడేసి ఉంచితే ప్రమాదం. అయితే అది అందరికీ ఒకే గడువుతో, ముందుగా తెలియజేసి, థ్యాంక్స్ చెప్పి చేసే పని. విమర్శించినందుకు వేసే శిక్షకు ఆ ముసుగు తొడిగితే రేపు నిజంగా భద్రత కోసం తీసేసినా ఎవరూ నమ్మరు.

ప్రాజెక్టు నడిపేవాళ్ల బాధ కూడా నాకు తెలుసు. వాళ్లకీ జీతం లేదు. ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చి, రాత్రి పదింటికి మెయిల్ తెరిస్తే "ఇంకెప్పుడు చేస్తారు" అని ముక్కూమొహం తెలియనివాళ్ల నిలదీతలు. విమర్శను ఆయుధంగా వాడేవాళ్లూ ఉన్నారు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం చూడండి. ఫైళ్ల సైజు తగ్గించే ఆ సాఫ్ట్‌వేర్‌ను లాస్సె కొల్లిన్ అనే ఆయన దాదాపు ఒంటరిగా నడిపేవారు. కొన్ని పేర్లతో వచ్చినవాళ్లు, పని ఆలస్యమవుతోంది, ఇంకొకరికి అప్పగించండి అని వెంటపడ్డారు. జియా టాన్ పేరుతో సాయం చేస్తూ వచ్చిన వ్యక్తి చేతికి హక్కులు వచ్చాయి. చివరికి అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది గానీ, లేకపోతే లెక్కలేనన్ని సర్వర్లకు ముప్పు వచ్చేది. కాబట్టి ఎవరేమన్నా తలూపాలని నేను చెప్పడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. విమర్శ ఎవరి మీద వచ్చిందో ఆ మనిషి ఒక్కడే కూర్చుని విమర్శించినవాణ్ని తీసేయకూడదు. మన ఊళ్లో తిరునాళ్ల కమిటీ నుంచి ఒకరిని తప్పించాలన్నా నలుగురు పెద్దలు కూర్చుంటారు, అతని మాట వింటారు, ఆ తర్వాతే తీర్పు. కోట్లమంది వాడే సాఫ్ట్‌వేర్‌కి ఆ మాత్రం పద్ధతి అక్కర్లేదా?

ఇది పెద్ద ప్రాజెక్టులకూ వచ్చిన సమస్యే. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో, సభ్యుల ప్రవర్తన నియమాలు చూసే మోడరేషన్ టీమ్ మొత్తం రాజీనామా చేసింది. ప్రాజెక్టుకు పెద్దలైన కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీగా లేదు, వాళ్ల మీద మేం నియమాలు అమలు చేయలేకపోతున్నాం అన్నది వాళ్ల ఆరోపణ. ఆ గొడవ తర్వాత కోర్ టీమ్ పోయి, 2023లో వేర్వేరు టీముల ప్రతినిధులతో లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో అయితే నాయకుణ్ని ఏటా ఎన్నుకుంటారు, ఆయన నిర్ణయాన్ని డెవలపర్లు ఓటుతో తిప్పికొట్టొచ్చు. ఆ ప్రాజెక్టు రాజ్యాంగంలోనే ఇది రాసుకున్నారు.

కారణం చెప్పకపోతే ఏమవుతుందో లినక్స్ కెర్నల్‌లో, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, చూశాం. 2024 అక్టోబరులో రష్యాతో సంబంధమున్న కొందరు మెయింటైనర్ల (ఒక్కో భాగం బాధ్యత చూసేవాళ్ల) పేర్లు జాబితా నుంచి తీసేశారు. వివిధ నిబంధనల కారణంగా అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఆంక్షల వల్ల అని వివరంగా చెప్పేసరికే జరగాల్సిన రభస జరిగిపోయింది. ఏళ్లతరబడి ఉచితంగా పనిచేసినవాళ్లకు చట్టం ఇలా ఉంది, మా చేతుల్లో లేదు అని మొదటి రోజే ఒక పేరా రాస్తే పోయేదేముంది? అదే కెర్నల్‌లో 2018 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకు అందరి ముందూ క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆయన పెద్దరికం ఏమీ తగ్గలేదు, ఇప్పటికీ ఆయనే నడుపుతున్నారు.

ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో పిల్లల చేత ఓపెన్ సోర్స్ పని చేయిస్తున్న లెక్చరర్లకు నా మనవి. మీ పిల్లలు చేరే ప్రాజెక్టులో తొలగింపు నియమాలు రాసి ఉన్నాయో లేదో ముందు చూడండి. ఎవరు నిర్ణయిస్తారు, కారణం రాతపూర్వకంగా ఇస్తారా, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఎంతకాలానికి తిరిగి రావచ్చు. ఇవి రాసి లేకపోతే అడగండి, అడగడం పిల్లలకు నేర్పండి.

కావలి కుర్రాడి విషయంలో ఈ ప్రశ్నలే ఆ ప్రాజెక్టుకు నా పేరుతో రాశాను. నిర్ణయం తీసుకున్నది ఎవరో చెప్పాలని, పెద్దాయన కాకుండా మిగతా ముగ్గురు మెయింటైనర్లు దాన్ని మళ్లీ పరిశీలించాలని అడిగాను. జవాబు ఇంకా రాలేదు. చీరాల కూడా ఇంకా ప్రకాశంలోనే ఉంది.