చెప్పని పనికి పైసా ఇవ్వక్కర్లేదా?

వానలు తగ్గి ఇళ్ల రిపేర్లు మొదలయ్యే వేళకి కోనసీమ బంధువుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "మేస్త్రీ గానీ ప్లంబర్ గానీ మీరు చెప్పని పని చేసి బిల్లు వేస్తే పైసా ఇవ్వక్కర్లేదు. సంతకం లేని పనికి చట్టంలో విలువ లేదు. జీఎస్టీ బిల్లు ఇవ్వకపోతే మొత్తం డబ్బు ఆపేసినా కేసు నిలవదు. ఇప్పటికే కట్టేశారా? మూడు రోజుల్లో బ్యాంకుకి చెబితే వెనక్కి వస్తుంది. లేదంటే 420 కేసు పెట్టండి." కింద షేర్ చేయమని మామూలు దండాలు.

రాసినవాళ్ల కోపం అర్థమవుతుంది. ముప్పై వేలు అనుకున్న పనికి డెబ్బై వేల చీటీ చేతిలో పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఈ సలహాలు పాటిస్తే న్యాయం మీ వైపున్న తగువు కూడా చెడుతుంది.

ముందు సంతకం సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం నోటిమాట ఒప్పందాన్ని కూడా ఒప్పందంగానే చూస్తుంది. మన వైపు తాపీ పని దాదాపుగా నోటిమాట మీదే నడుస్తుంది. "మెటీరియల్ మీది, కూలీ మాది, రోజుకింత" అనుకుని అడ్వాన్సు చేతిలో పెడితే ఒప్పందం అయిపోయినట్టే. కాగితం లేకపోతే రుజువు చేయడం కష్టం, అంతే. ఆ కష్టం మేస్త్రీకి ఎంతో మీకూ అంతే. ఒక్క గదే చెప్పానని మీరూ ఏదో ఒకటి చూపించాలి కదా.

అసలు పేచీ "పైసా ఇవ్వక్కర్లేదు" దగ్గర ఉంది. మీరు అడగని పనిని మీ నెత్తిన రుద్ది వసూలు చేసుకునే హక్కు ఎవరికీ లేదన్నది నిజమే. అయితే అదే చట్టంలో 70వ సెక్షన్ ఒకటుంది. ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా ఒకరు మీ కోసం న్యాయంగా ఒక పని చేసి, దాని ఫలితాన్ని మీరు అనుభవిస్తే, తగిన ప్రతిఫలం ఇవ్వాలని అది చెబుతుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బి.కె. మండల్ అండ్ సన్స్‌కీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1961లో దీన్ని వివరంగా విడమర్చింది. అదీ కట్టడం పనుల తగువే. ఒప్పందం పద్ధతిగా లేదు, కానీ పని జరిగింది, ప్రభుత్వం వాడుకుంది, కాబట్టి డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది. వద్దనుకున్నవాళ్లు తీసుకోకుండా ఉండొచ్చు, తిప్పి ఇచ్చేయొచ్చు, అలా చేస్తే ఈ సెక్షన్ వర్తించదు.

సిమెంటు బస్తా అయితే తిప్పి పంపొచ్చు. శ్లాబుకి పట్టించేసిన సిమెంటుని ఎలా పంపుతారు? అందుకే ఇంటి పనుల్లో తగువంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: పని జరుగుతున్నప్పుడు మీకు తెలుసా, తెలిశాక ఆపమన్నారా?

డెల్టాలో ఈ ప్రశ్న మరీ చిక్కు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఇళ్లకి ఉప్పుగాలి తప్పదు. కొన్ని ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పన, ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపిన ఇళ్లు కూడా ఉన్నాయి. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటుని నెట్టేస్తుంది. మంచం మీద పడుకుని చూస్తే చాటంత పెచ్చు ఊడినట్టు కనిపిస్తుంది. మేస్త్రీ నిచ్చెనెక్కి సుత్తితో తడుతూ పోతే గట్టిగా మోగాల్సిన శ్లాబు చాలా దూరం డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల ఎంతవరకు ఉంటే అంతవరకు కొట్టేసి, చువ్వ తుప్పు గీకి, కొత్త మాలు పట్టించాలి. కనిపించినంత మేరే అతుకు వేస్తే పక్కనుంచి మళ్లీ ఊడుతుంది. కాబట్టి "చూస్తూ ఊరుకోలేక చేసేశానండి బాబూ" అని మేస్త్రీ అంటే అది ప్రతిసారీ దొంగమాట కాదు. ఒక్క ఫోన్ చేసి అడక్కపోవడమే ఆయన తప్పు. అది చిన్న తప్పేం కాదు, ఇంటాయన జేబులోంచి తీసే డబ్బు కదా.

కొడుకు కువైట్‌లో, తండ్రి ఇంట్లో ఉన్న కుటుంబాన్ని తీసుకోండి. పడమటి గది శ్లాబుకి కొడుకు ఫోన్‌లో బేరం కుదిర్చాడు. మేస్త్రీ వసారా కూడా కొట్టి పట్టించాడు. వసారాలోనే కూర్చున్న పెద్దాయన నాలుగు రోజులు చూస్తూ, పనివాళ్లకి టీలు కూడా ఇప్పించాడనుకోండి. ఇప్పుడు కొడుకు "నేను చెప్పలేదు" అంటే ఎంతవరకు చెల్లుతుంది? పెద్దాయన "సరే కానీ" అన్నాడని తేలితే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఇంటి తరఫున మాట్లాడే మనిషిగా ఆయన్ని ముందు నిలబెట్టింది కొడుకే. అదే పెద్దాయన ఆసుపత్రిలో ఉండి, ఇల్లు తాళం వేసి, పడమటి గది తాళం మాత్రం మేస్త్రీకి ఇచ్చినప్పుడు వసారా మొత్తం కొత్తదైపోతే కథ వేరు. అక్కడ వద్దనే అవకాశమే దొరకలేదు.

ఇవ్వాల్సి వచ్చినా "తగిన ప్రతిఫలం" అంటే మేస్త్రీ చీటీలో రాసుకొచ్చిన అంకె కాదు. టేపుతో కొలిచి ఎన్ని చదరపు అడుగులో చూడాలి, ఎన్ని బస్తాలు పట్టాయో షాపు బిల్లులు అడగాలి, ఊళ్లో నడుస్తున్న కూలీ రేటు వేయాలి. బాగున్న గోడకి అడక్కుండా రంగు కొట్టి దానికీ డబ్బు అడిగితే నేనైతే గట్టిగానే నిలబడతాను. కారుతున్న శ్లాబు బాగుపడిన చోట మాత్రం బేరానికి కూర్చుంటాను.

జీఎస్టీ మాట సగం చదువు. సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి. మన ఊరి ప్లంబర్లలో ఆ గీత దాటేవాళ్లు ఎందరు? రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో వసూలు చేయకూడదు, అలా అడిగితే ఆ భాగం నిస్సంకోచంగా కొట్టేయండి. మామూలు బిల్లో రశీదో అడిగే హక్కు మాత్రం మీకుంది, అది ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అంతమాత్రాన కూలీ బాకీ మాఫీ అయిపోదు. చేయించుకున్న పని డబ్బు కోసం కోర్టుకి వెళ్లడానికి మేస్త్రీకి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది.

బ్యాంకు, మూడు రోజులు అన్నది రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం నుంచి చించి తెచ్చిన ముక్క. మీకు తెలియకుండా ఎవరో మీ ఖాతాలోంచి డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదని అది చెప్పింది. మేస్త్రీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, మీ చేత్తో పిన్ కొట్టి పంపిన డబ్బు ఆ కోవలోకి రాదు. పనికి ఒప్పుకోలేదు గానీ చెల్లింపుకి ఒప్పుకున్నారు మరి. మోసపూరిత లావాదేవీ అని అబద్ధపు కంప్లైంట్ ఇస్తే రేపు మీ మాటకే విలువ ఉండదు.

420 సంగతి చెప్పాలంటే, 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. నంబరు మారినా విషయం మారలేదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. బిల్లు ఎక్కువైందంటే స్టేషన్‌లో "సివిల్ తగువు, కోర్టుకి పొండి" అంటారు, ఆ మాటలో తప్పు లేదు. మేస్త్రీ మనుషుల్ని వేసుకొచ్చి గుమ్మం దగ్గర బెదిరిస్తే అది వేరే నేరం, దానికి తప్పకుండా వెళ్లండి.

ఈ మెసేజ్ అసలు ముట్టుకోనిది, మన వైపు రోజూ జరిగేది మోటారు తగువు. నీళ్ల మోటారు మొరాయించింది, షాపులో పడేసి "చూడండి" అని వచ్చారు. సాయంత్రానికి "వైండింగ్ చేసేశామండీ" అంటూ, అంటే లోపలి రాగి తీగంతా తీసి కొత్తది చుట్టేశామంటూ బిల్లు. పోయింది కెపాసిటరనే చిన్న భాగమేమో మీకు తెలియదు. ఇక్కడ డబ్బు ఎగ్గొట్టడం కుదరదు, మోటారు వాళ్ల దగ్గర ఉంది. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన ఉద్దేశం మేరకు పనితనం చూపించి చేసిన పనికి కూలీ అందేదాకా వస్తువుని పట్టి ఉంచుకోవచ్చు. ఆ "ఉద్దేశం మేరకు" అన్నదే మీ పట్టు. చూడమన్నాను గానీ చేయమనలేదని అక్కడే చెప్పండి, తీసేసిన పాత రాగి తీగ చూపించమనండి. దానికి తూకం ధర ఉంది, చాలా షాపులు మాట్లాడకుండా ఉంచేసుకుంటాయి. ఇంట్లో నీళ్లు లేక మోటారు తెచ్చుకోక తప్పకపోతే బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకుని ఇవ్వండి.

మేస్త్రీ విషయంలో అయితే మొత్తం ఆపకుండా అనుకున్న పని డబ్బు వెంటనే ఇచ్చేయడమే నా సలహా. యూపీఐలో "పడమటి గది శ్లాబు, పూర్తిగా" అని రాసి పంపి, ఆ వెంటనే వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "మేస్త్రీ గారూ, మనం మాట్లాడుకున్నది పడమటి గది ఒక్కటే. ఆ డబ్బు పంపాను. వసారా పనికి మమ్మల్ని అడగలేదు, ఒప్పుకోలేదు. కొలతలు, షాపు బిల్లులు పంపండి, చూశాక మాట్లాడదాం." చీటీ అందిన రోజే పంపితే దీనికి బలం.

తెగకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వేయాలి, మీరు ఉండే చోటే వేయొచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కాకపోతే ఒక మెలిక ఉంది. గుత్తకిచ్చి చేయించిన పని సేవ కిందికి వస్తుంది. మీరే దగ్గరుండి, ఎలా చేయాలో చెబుతూ రోజుకూలీకి చేయించుకుంటే "ఇది వ్యక్తిగత కొలువు, సేవ కాదు" అని అవతలివాళ్లు వాదించే వీలుంది. అలాంటి చిన్న తగువులకి న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో కూర్చోవడం మేలు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, మామూలుగా దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి అంకె సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.