గోత్రం, నక్షత్రం, ఏఎమ్‌హెచ్

పెళ్లి బయోడేటాలో ఒక పెద్ద లోటు ఉంది. గోత్రం రాస్తాం, నక్షత్రం పాదంతో సహా రాస్తాం, ఎత్తు అంగుళాలతో సహా రాస్తాం. అమ్మాయి ఏఎమ్‌హెచ్ (అండాల నిల్వను సూచించే హార్మోన్) ఎంతో మాత్రం రాయం. ఆ గడి వెంటనే చేర్చాలని పెళ్లిళ్ల పేరయ్యలందరికీ నా విన్నపం.

మా వీధిలో ఒకరి కోడలికి ఈ మధ్యే రిపోర్టు వచ్చింది. మిల్లీలీటరుకు 0.9 నానోగ్రాములు. ఒకటి కూడా రాలేదంటే ఫెయిలే కదా అని అత్తగారు నాలుగిళ్లు తిరిగి చెప్పుకున్నారు. లండన్‌లో ఉన్న కూతురికి 6.4 వచ్చిందని అయిదో ఇంట్లో మురిసిపోయారు. అక్కడి ల్యాబు లీటరుకు పికోమోల్స్ అనే వేరే కొలతలో కొలిచింది. 7.14తో భాగిస్తే తేలేది అదే 0.9. ఈ లెక్క ఆవిడకు చెప్పే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు, నాతో సహా.

డాక్టరమ్మ మాత్రం వేరే పాట పాడుతోంది. ఈ హార్మోన్ అండాశయంలోని చిన్న ఫాలికల్స్ (అండాలు పెరిగే బుల్లి సంచులు) నుంచి వస్తుందట. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే సుమారు ఎన్ని అండాలు చేతికొస్తాయో అంచనా వేయడానికి, మందు డోసు చూసుకోవడానికి పనికొస్తుందట. అండం నాణ్యత సంగతి ఇది చెప్పదు, దానికి వయసే ముఖ్యం అంటుంది. మామూలుగా నెలకు విడుదలయ్యేది ఒక్క అండం. గాదెలో ఎన్ని బస్తాలున్నా ఈ పూట పొయ్యెక్కేది సోలెడు బియ్యమే కదా! సంతాన సమస్య చరిత్ర లేని 30 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లను అమెరికాలో గమనించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏఎమ్‌హెచ్ తక్కువున్నవాళ్లకు సహజంగా గర్భం వచ్చే అవకాశం తక్కువేమీ కనిపించలేదు. సరే, అమెరికా వాళ్లకు గోత్రాలు కూడా లేవు.

ఎఫ్ఎస్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ పరీక్ష ఉంది. అండాల నిల్వ తగ్గితే ఇది పెరుగుతుంది. నెలసరి రెండో రోజో మూడో రోజో చేస్తారు, జతగా ఎస్ట్రడయోల్ అనే మరో హార్మోన్ కూడా చూస్తారు. ఎస్ట్రడయోల్ పెరిగి ఉంటే ఎఫ్ఎస్‌హెచ్ అణిగిమణిగి ఉండి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అత్తగారు హాల్లో కూర్చున్నప్పటి కోడలిలాగా.

ఇక అబ్బాయి పరీక్ష. పిల్లలు ఆలస్యమైన జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుందని, ముందు ఆయన వీర్యపరీక్ష చేయించండని డాక్టరమ్మ అంది. రెండు నుంచి ఏడు రోజుల బ్రహ్మచర్య నియమం, ఒక చిన్న డబ్బా, అంతే. "మావాడికెందుకమ్మా, వాడు టీమ్ లీడు" అన్నారు అత్తగారు. శాస్త్రం కూడా ఆవిడ పక్షానే ఉంది. తల్లి కడుపులో ఉండగా మగబిడ్డకు గర్భసంచి ఏర్పడకుండా చూసేది ఈ ఏఎమ్‌హెచ్చే. ఆ మినహాయింపు అప్పుడే మంజూరైపోయింది.

నా విన్నపం విని మా పేరయ్య కాగితం తీశాడు. అమ్మాయి గడి గీశాక, ఎదురుగా అబ్బాయి గడిలో ఏం రాయమంటారని అడిగాడు.

ప్యాకేజీ రాయమన్నాను.