హార్డ్లీ గారికి ఒక మనవి

మహారాజశ్రీ హార్డ్లీ గారికి, ఉభయకుశలోపరి.

మీరు కుశలమే. మీ పాలబడ్డ రెజ్యూమేలే కుశలంగా లేవు. 'ఐ వర్క్‌డ్ హార్డ్లీ ఫర్ త్రీ ఇయర్స్' అని రాసిన పిల్లవాడి ఉద్దేశం మూడేళ్లు ఒళ్లు వంచి పనిచేశానని. వాక్యం ఎలాగూ తప్పే. దానికి తోడు చదివేవాడికి తట్టేది మాత్రం 'పని చేసింది అంతంతమాత్రం' అని. నిజం ఒప్పుకున్నందుకైనా ఉద్యోగం ఇవ్వరు కదండీ!

పిల్లవాణ్ణి అని లాభం లేదు. క్విక్‌కి 'లీ' తగిలిస్తే క్విక్లీ, స్లోకి తగిలిస్తే స్లోలీ అని బడిలో నేర్పారు; హార్డ్‌కీ తగిలించాడు. ఫాస్ట్ లాగే హార్డ్ కూడా ఏ తోకా లేకుండానే విశేషణంగానూ, క్రియావిశేషణంగానూ రెండు కొలువులూ చేస్తుందని ఎవరూ చెప్పలేదు. మీరూ ఒకప్పుడు 'గట్టిగా, కఠినంగా' అనే అర్థంలోనే ఉండేవారు. కాలక్రమంలో 'కష్టమ్మీద'కి, అక్కణ్ణుంచి 'దాదాపు లేదు'కి జారారు. ఇంటిపేరు మాత్రం మార్చుకోలేదు.

చోటు చూసైనా మిమ్మల్ని పట్టుకోవచ్చు. 'షీ హిట్ ద బాల్ హార్డ్': హార్డ్ చివర కూర్చుంది, బంతి బౌండరీ దాటింది. 'షీ హార్డ్లీ హిట్ ద బాల్': మీరు క్రియకు ముందు కూర్చున్నారు, బంతి తగిలిందో లేదో అనుమానమే. కెన్, హ్యావ్ లాంటివి ఉంటే వాటి పక్కన చేరతారు: 'ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ'. అక్కడ కాంట్ అనకూడదు, 'లేదు' మీ కడుపులోనే ఉంది. అందుకే 'హీ హార్డ్లీ టాక్స్' తర్వాత ట్యాగ్ (వాక్యం చివర తగిలించే చిన్న ప్రశ్న) 'డజ్ హీ?'. డజంట్ రాస్తే మార్కు పోయినట్టే. ఇక వాక్యం మొదట్లో హార్డ్లీ హ్యాడ్ అని మొదలైతే వెనక రావాల్సింది వెన్. దాన్ (than) అనేది నో సూనర్ వారి ఆస్తి. పోటీ పరీక్షల వాళ్లు ఏటా అక్కడే గుంట తవ్వి కూర్చుంటారు.

చిత్రమేమిటంటే తెలుగులో మిమ్మల్ని ఎవరూ తప్పు వాడరు. 'మీటింగ్‌కి హార్డ్లీ పదిమంది వచ్చారండీ' అంటే పట్టుమని పదిమంది లేరని అందరికీ తెలుసు. అదే నోరున్న మనిషి దరఖాస్తు ముందు కూర్చోగానే మీరు వేషం మార్చేస్తారు.

కాబట్టి వర్క్‌డ్, స్టడీడ్, ట్రైడ్ అనే మూడింటి వెనక కుర్చీలు ఖాళీ చేయ ప్రార్థన. 'ఐ కేమ్ లేట్లీ' అని సంజాయిషీలు రాయిస్తున్న మీ తమ్ముడు లేట్లీకీ ఈ ఉత్తరం చూపించండి. ఆయనగారి అర్థం 'ఆలస్యంగా' కాదు, 'ఈమధ్య'.

ఇట్లు,
తోకలు కత్తిరించే ఒక ప్రూఫ్‌రీడరు