తంజావూరు పటాన్ని స్పిరిట్‌తో తుడవమనే ఆ మెసేజ్

కాలనీ గ్రూపులో, కాలేజీ గ్రూపులో, చివరికి మల్కాజిగిరి పిన్ని దగ్గర్నుంచి కూడా అదే మెసేజ్. "పాత దేవుడి పటాలకు ఎక్స్‌రే తీస్తే కింద అసలు దేవుడు కనిపిస్తాడు, బెల్జియంలో నిరూపించారు. పటం వయసూ తెలుస్తుంది. రేడియేషన్‌కి పటం శక్తి పోతుంది కాబట్టి ఒక్కసారే తీయించండి. తర్వాత పై రంగును స్పిరిట్‌తో తుడిస్తే కోట్ల విలువైన బొమ్మ మీదే!"

శక్తి పోవడమా? ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న పూజారిగారు మర్నాడే అభిషేకం చేయట్లేదా? వదిలేద్దాం.

ఎక్స్‌రేకి అసలు దేవుడు, నకిలీ దేవుడు తెలియదు. బరువైన మూలకాలు తెలుసు. సీసం ఉన్న తెలుపు, పాదరసం ఉన్న ఇంగిలీకం అనే ఎర్ర రంగు కిరణాల్ని ఆపి తెల్లగా పడతాయి. నీలిమందు, మసిగీత దాదాపు కనిపించవు. పొరలన్నీ, వెనక మేకులతో సహా, ఒకే ఫిల్ము మీద కలిసిపోతాయి. మీకు కనిపించిన సుదర్శన చక్రం మేకు తల కావచ్చు.

ఇక స్పిరిట్. బెల్జియం మాట నిజమే. అక్కడి గెంట్ నగరంలో, వాన్ ఐక్ సోదరులనే చిత్రకారులు వేసిన 1432 నాటి చర్చి చిత్రంలో గొర్రెపిల్ల ముఖం మీద 16వ శతాబ్దంలో మళ్లీ రంగు వేశారు. 1951లో కొంత తీస్తే పాత చెవులు బయటపడి, పాపం గొర్రెకు నాలుగు చెవులయ్యాయి. 2012లో మొదలైన పనిలో రకరకాల స్కానింగులు చేసి, కింద రంగు నిలిచి ఉందని తేల్చుకున్నాకే, మైక్రోస్కోపు కింద సర్జన్లు వాడే చిన్న కత్తితో పైపొర తీశారు. అది నూనె రంగు. మన తంజావూరు పటంలో బంక కలిపిన రంగు, దాని కింద సుద్ద. తడి దూది తగిలినా రంగు ఊడొచ్చు. కింద ఏ దేవుడూ లేకపోతే మీకు మిగిలేది సుద్ద పూసిన పలక. దాన్ని ఏ కోట్లకు అమ్ముతారు బాబూ? అజంతా నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, 1920ల్లో ఇటలీ నుంచి రప్పించిన నిపుణులు గుహల బొమ్మల మీద పూసిన లక్క వార్నిషే తర్వాత ముదిరి రంగుల్ని కప్పేసింది. వాళ్లకే అలా అయితే, మెడికల్ షాపు స్పిరిట్‌తో మనమెంత?

వయసు విషయంలో మాత్రం మెసేజ్ పూర్తిగా తప్పు కాదు. ఫిల్ము సంవత్సరం చెప్పదు గానీ, ఎక్స్‌రేలతోనే రంగులోని మూలకాల్ని గుర్తించే పరికరం ఉంది. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చిందే 1920 ప్రాంతంలో. "రెండు వందల ఏళ్ల" కృష్ణుడి బుగ్గ మీద అది దొరికితే, తర్వాత ఎవరో దిద్దారనుకోవాలి, లేదా పటమే కొత్తది. అప్పుడు ఆ కోట్లు ఏమవుతాయో ఫార్వర్డ్‌లో రాయలేదు.