పచ్చికను చంపింది క్లోరిన్ కాదు, పైపు

ఎండాకాలం వస్తే హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే తగువే ఇది. స్విమ్మింగ్ పూల్ ఖాళీ చేస్తున్నాం, ఆ నీళ్లు లాన్‌లోకా, డ్రైనేజీలోకా? చాలాచోట్ల డ్రైనేజీయే గెలుస్తుంది. నా దృష్టిలో అది శుద్ధ దండగ.

మొన్న కొండాపూర్‌లో మిత్రుడి అపార్ట్‌మెంట్‌కి వెళ్తే, తోటమాలి పసుపు తిరిగిన గడ్డి చూపించి "మందు నీళ్లు సార్, కాల్చేసినయ్" అన్నాడు. ఆ మచ్చ నులకమంచమంత ఉంది, సరిగ్గా మోటారు పైపు పడేసిన చోట. పది అడుగుల అవతల గడ్డి నిగనిగలాడుతోంది. పారినవి అవే నీళ్లు!

లెక్క వేద్దాం. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతున్న కొలనులో 75,000 లీటర్లు పడతాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 15. వంద చదరపు మీటర్ల లాన్‌లోకి ఒకేసారి వదిలితే 750 మిల్లీమీటర్ల వానతో సమానం. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేదే దాదాపు అంత. అది ఒక్క మధ్యాహ్నం మీద పడితే గడ్డి వేరు కుళ్లక ఏమవుతుంది? పైపు జరుపుతూ, చెట్ల పాదులకూ పంచుతూ పదిహేను రోజులు పారించాలి.

క్లోరిన్ మట్టిలోని సూక్ష్మజీవులను చంపుతుందంటారు. కొలనులో అది ఉండేది లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు. వేయడం ఆపి కొన్ని రోజులు ఎండకు వదిలేస్తే ఎగిరిపోతుంది; క్లోరిన్ ఎండకు పోకుండా కాపాడే స్టెబిలైజర్ మందు కలిపితే ఇంకాస్త ఆలస్యం. టెస్ట్ కిట్ చుక్కకు నీళ్లు పసుపెక్కకపోతే నిశ్చింతగా వదలొచ్చు. నిజంగా భయపడాల్సింది ఉప్పు పూల్‌కి, అంటే నీళ్లలో కలిపిన ఉప్పు నుంచే క్లోరిన్ తయారుచేసుకునే కొలనుకి. అందులో లీటరుకు 3 గ్రాములకు పైనే ఉప్పు. ఆ సోడియం బంకమట్టిలో చేరితే నేల బిగుసుకుపోయి వాననీళ్లను కూడా తాగదు. ఆ నీళ్లు మాత్రం డ్రైనేజీకే.

మిగతావి పారబోయడానికి మనకు మనసెలా ఒప్పుతోంది? కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా కరెంటు ఖర్చుపెట్టి తెచ్చుకుంటున్న ఊరు మనది. వేసవిలో బోరు ఎండిందని ట్యాంకర్ల కోసం ఫోన్లు చేసేదీ, అవే నీళ్లను నాలాలోకి తోసేదీ ఒకే కమిటీ.

మిత్రుడి అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఎక్కడని అడిగాను. తోటమాలి కార్ల పార్కింగ్ వైపు చెయ్యి చూపించాడు. పైన టైల్స్ పరిచేశారట.