గొట్టాలకు సన్మానం, చర్మానికి మొండిచెయ్యి

పండ్ల ఈగ పిండంలో శ్వాసనాళాలు ఎలా ఏర్పడతాయని అడిగితే పండితులందరిదీ ఒకటే స్తోత్రం: గొట్టం తనంతట తానే కొమ్మలేసిందట! పక్కనే ఉన్న బాహ్యచర్మం ఊసు ఎవరూ ఎత్తరు. ఈ ఘోర అన్యాయంపై తక్షణం విచారణ సంఘం వేయాలి.

ముందు పుట్టుపూర్వోత్తరాలు తేల్చుదాం. శ్వాసనాళం పరాయిది కాదు, ఉమ్మడి ఇంట్లోంచి వేరుపడిన చర్మం తమ్ముడే. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పెట్టిన అయిదారు గంటలకు పిండానికి రెండు వైపులా చర్మపు పొరలో పదేసి చోట్ల కణాలు గుంపుకట్టి లోపలికి కుంగి సంచులవుతాయి. ఇది ట్రాకియాలెస్ జన్యువు ఆజ్ఞ. ఆ జన్యువు చెడితే పంపకాలు రద్దు, కణాలు బుద్ధిగా చర్మంలోనే ఉండిపోతాయి. జన్యువు సవ్యంగా ఉంటే మాత్రం ఆ కణాలు దిగుతూ దిగుతూ ఆఖరిసారి విభజన చెంది, ఒక్కో సంచిలో సుమారు 80 కణాలు చేరతాయి. ఇక పిండదశ అంతా ఆ సరంజామాతోనే సర్దుకోవాలి. సాగడం, జరగడం, ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కోవడం, అంతే.

మరి దారి చూపేదెవరు? సంచి చుట్టూ చర్మంలోనూ, దాని కిందుండే మధ్యపొరలోనూ ఉన్న చిన్న చిన్న కణాల గుంపులు బ్రాంచ్‌లెస్ అనే ప్రోటీన్ విడుదల చేస్తాయి. నాళకణాల మీది బ్రెత్‌లెస్ గ్రాహకం దాన్ని పసిగడుతుంది. ఈ రెండింట్లో ఏది లేకపోయినా సంచులు సంచులుగానే మిగిలిపోతాయి. సంకేతం ఎక్కువ అందినవాడు కొస కణం, తక్కువ అందినవాడు వెనక తోక. నాయకత్వ ఎన్నిక ఇంత నిజాయితీగా జరిగే చోటు మరొకటి ఉంటే చూపించండి. వీపు వైపు ఎక్కే కొమ్మకు చర్మం అదనంగా డీపీపీ అనే సంకేతం కూడా పంపాలి. దాన్ని అందుకునే గ్రాహకం లేకపోతే ఆ కొమ్మే రాదు. పైగా, గుడ్డు పెట్టిన దాదాపు 13 గంటలకు చర్మపు రెండు అంచులూ వీపు మీద కలిసి మూసుకుంటేనే ఎడమ కొమ్మ, కుడి కొమ్మ అతుక్కోవడానికి చోటు. అతుకు వేసిన కణాలకు శాలువాలు, చోటిచ్చిన చర్మానికి మాత్రం నమస్కారం కూడా లేదు.

అసలు గొడవ పొడవు దగ్గర. వీపు వెంట పోయే పెద్దగొట్టం పెరుగుతుంటే లోపల కైటిన్ (పురుగుల పైతొడుగులో ఉండే పదార్థం) కడ్డీ అచ్చులా నిలుస్తుంది. సర్పెంటైన్, వెర్మిఫార్మ్ అనే ఎంజైములు ఆ కైటిన్‌ను మార్చి, పెరుగుదలకు కళ్లెం వేస్తాయి. అవి లేకపోయినా, పక్కపక్క కణాలను బిగించే సెప్టేట్ కీళ్లు పాడైనా గొట్టం అదుపు లేకుండా సాగుతుంది. ఒంటి పొడవు మాత్రం పెరగదు! ఇంకేముంది, గొట్టం పాములా మెలికలు తిరుగుతుంది. ఇలాంటి పిండాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్లంతా గొట్టాన్ని ఆడిపోసుకుంటారే తప్ప, హద్దు గీసింది చర్మమని ఒక్కరూ ఒప్పుకోరు.

గుడ్డులోంచి పిల్ల బయటపడడానికి కొద్దిగంటల ముందు గొట్టాల్లో ద్రవం పోయి గాలి నిండుతుంది. కింది నుంచి వెలుగు వేసి చూస్తే నల్లని గీతల్లా కనిపిస్తాయి. అప్పుడైనా తమ్ముడు స్వతంత్రుడయ్యాడా? లేదు. పిల్ల పురుగు తొలిదశలో గాలి పీల్చేది వెనక కొసనున్న రంధ్రాల గుండానే. పక్కల చర్మంతో కలిపే కాడలు మూసుకునే ఉంటాయి. పొర విడిచే రోజున మాత్రం గొట్టం లోపలి పాత తొడుగు ముక్కలై ఆ కాడల గుండానే చర్మం దాటి బయటికి రావాలి.