వెయ్యమన్నదీ మీరే, చెరిపిందీ మీరే

కాలువ గట్టు రోడ్డు మీదున్న బడి ప్రహరీకి రాత్రికి రాత్రి సున్నం కొట్టించిందెవరో ఇంతవరకు తేలలేదు. పురపాలక సిబ్బంది మాకు తెలియదంటున్నారు. బడివారు పైనుంచి చెప్పారంటున్నారు. ఆ పైన ఉన్నదెవరో చెప్పమంటే నీళ్లు నములుతున్నారు. ఊరి పేరు, బడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ గోడ మీద బొమ్మలు వేసిన పిల్లలు రేపు కూడా అదే బడికి పోవాలి, అక్కడే మార్కులు వేయించుకోవాలి. జరిగిన కథ ఇది. పర్యావరణ దినోత్సవానికి ‘2050లో మన డెల్టా’ అంటూ గోడ మీద బొమ్మలు వేయమన్నారు. హైస్కూలు పిల్లలు వేశారు. జూన్ 5న పెద్దలు వచ్చి, ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు పంచి వెళ్లారు. రెండు వారాలు తిరక్కుండా గోడ సగం తెల్లబడింది.

సగమే. రెండు కొండల మధ్య ఉదయించే సూర్యుణ్ణి ముట్టుకోలేదు. కోనసీమలో కొండలెక్కడివని అడిగిన నాథుడూ లేడు. గాలిమర ఉంది. అరచేతుల్లో భూగోళం ఉంది. ‘చెట్లు నాటండి’ అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. సఖినేటిపల్లి రేవులో మనుషుల్ని, బండ్లను ఏరు దాటించే పంటుకు సోలారు పలకలు బిగించి వేసిన బొమ్మ కూడా బతికి బయటపడింది. (అక్కడి వశిష్ఠ గోదావరి మీద వంతెన వస్తుందన్న ఆశ పిల్లలకు కూడా లేనట్టుంది, 2050లోనూ పంటునే వేశారు.)

పోయినవేమిటో చూడండి. రొయ్యల చెరువులు తిరిగి వరి చేలయిన బొమ్మ పోయింది. అందులో గట్టు మీద, రొయ్యల నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తుప్పుపట్టి పడి ఉంటే వాటిమీద కొంగలు వాలి ఉన్నాయి. మురుగు కాలువలో అడుగు కనిపించేంత తేట నీళ్లు, అందులో పిల్లలు ఈత కొడుతున్న బొమ్మ పోయింది. వంటింటి కుళాయి కింద బిందె పెట్టిన మామ్మ పోయింది. ఆమె పక్కన, పనిలేక పడి ఉన్న వాటరు టిన్నుల్లో కొత్తిమీర మొలిపించారు పిల్లలు, అదీ పోయింది. సముద్రానికీ పల్లెకూ మధ్య దట్టంగా మడ అడవి వేశారు, అదీ పోయింది. చెరిపినవాడికి బొమ్మలు చదవడం బాగా వచ్చు. ఎక్కడ ఊరు కనిపించిందో అక్కడ సున్నం పడింది, ఎక్కడ క్యాలెండరు కనిపించిందో అక్కడ కుంచె ఆగింది.

ఈ పత్రిక అభ్యంతరం అక్కడే. పిల్లలు తమంతట తాము గోడెక్కలేదు. పెద్దలారా, రమ్మని పిలిచింది మీరు, అంశం కూడా మీరే ఇచ్చారు. భవిష్యత్తు ఊహించమన్నారు, ఊహించారు. ఊహించింది మీకు నచ్చకపోయేసరికి తుడిచేశారు. వెయ్యమన్నదీ మీరే, చెరిపిందీ మీరే.

అటువైపు వాదన కూడా విన్నాం. ఆక్వా, అంటే చేపల, రొయ్యల సాగు మీద వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి, దేశానికి డాలర్లు వస్తున్నాయి, గోడ మీద ఒక వృత్తిని దోషిగా నిలబెట్టడం భావ్యం కాదన్నది ఆ వాదన. బతుకుతున్నారు, నిజమే. అయితే ఆ గోడ మీద ఎవరినీ తిట్టిన ఒక్క మాట లేదు. తిట్టు కనిపించిందంటే అది చూసినవారి మనసులోనిది.

పోనీ ఆ పిల్లలు లేనిది వేశారా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారిన నేల ఇది. డెల్టాలో ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి, గోదావరి స్నానపు సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పేవారు కూడా ఉండేవారంటారు. అలాంటి నేల మీద ఇవాళ తాగే నీళ్లు టిన్నుల్లో కొనుక్కుంటున్నాం. వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీటి చెరువులు నింపుకుంటాం. ఆ చెరువు పక్కనే ఉప్పు నీటి బోరు వేసి రొయ్యల గుంట తవ్వితే ఊట ఎటు పోతుంది? గుంట ఖాళీ చేసినప్పుడు ఆ నీరు ఏ డ్రెయిన్లో కలుస్తుంది? ఎండాకాలం పోటు నీరు అదే డ్రెయిన్ గుండా ఎగదన్నుకొచ్చి శివారు చేలలో చౌడు తేలుస్తుంటే పక్క రైతు ఏం చేయాలి? చివరికి అతనూ తన చేను గుంటకే ఇస్తాడు. ఇష్టపడి ఇచ్చినవారున్నారు, గత్యంతరం లేక ఇచ్చినవారున్నారు. లీజు కాగితంలో మాత్రం ఇద్దరూ ఒకటే. తమ ఊరి మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ రంగు గురించి భీమవరం వారికి మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఈ మురుగు కాలువల గోడు కూడా ఉంది. అప్పటికి ఈ పిల్లల్లో చాలామంది పుట్టలేదు. ఇంట్లో విన్నదే గోడకెక్కించారు.

వరి చేలను, మడ అడవులను, చిత్తడి నేలలను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగు కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది, ప్రాధికార సంస్థ వచ్చింది, జిల్లా కమిటీలు వచ్చాయి. కాగితాల మీద అన్నీ ఉన్నాయి. కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో యంత్రాలు పెట్టి చెరువు గట్లు తెగ్గొట్టారు. తెగ్గొట్టిన చోట మళ్లీ గట్లు లేచాయి. అంటే చేలు తిరిగి చేలు కావాలని వేసిన ఆ పిల్ల సుప్రీంకోర్టు చెప్పినదాన్నే రంగుల్లో వేసింది. కోర్టు మాట కనిపించిన చోట సున్నం కొట్టిన చేతికి కుంచె ఇచ్చిందెవరు?

మడ అడవి సంగతీ అంతే. కాకినాడ పక్కన కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు, బావురు పిల్లులు, నీటికుక్కలు, తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు. టూరిస్టులను చెక్క వంతెన మీద నడిపించి మురిసిపోతాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తీరాన్ని ఊడ్చేసిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మడ ఉన్నచోట అల జోరు తగ్గుతుందని తీరంలోని మత్స్యకారులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోతుంటే బండరాళ్లు తెచ్చి పోస్తున్నాం. రాళ్లకు బదులు చెట్లు వేసి చూపించింది ఓ తొమ్మిదో తరగతి పిల్ల. ఇంజినీర్లు ఆ బొమ్మతో వాదించవచ్చు, అన్ని చోట్లా మడ నిలవదని చెప్పవచ్చు. అలా వాదించినా బాగుండేది. వాదనకు దిగాలంటే ముందు బొమ్మ గోడ మీద ఉండాలి కదా.

వేదికలెక్కినప్పుడు ఈ జిల్లాల పెద్దలకు కళ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. చిత్రకారుడు దామెర్ల రామారావు పేరెత్తని ఉపన్యాసం ఉండదు. భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు, నరసాపురంలో పుట్టిన బాపు మనవాళ్లేనని గుండెలు చరుచుకుంటారు. ఆ దామెర్ల కథ కాస్త నెమ్మదిగా చదవండి. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచికానికి బలైపోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే రాజమహేంద్రవరంలో చిత్రకళా పాఠశాల పెట్టాడు, చుట్టూ శిష్యులను పోగుచేసుకున్నాడు. ఇవాళ ఆయన పేరిట ఉన్న గ్యాలరీలోకి వెళ్తే కనిపించేది ఒక కుర్రవాడి చేతి పని. ఆ చేయి అంత దూరం వచ్చిందంటే వెనుక అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఉన్నాడు. పరాయి దేశం నుంచి వచ్చిన ఆ దొర కుర్రవాడి గీత చూసి దగ్గరకు తీశాడు, బొంబాయి వెళ్లి చదువుకునేందుకు అండగా నిలిచాడు. గోదావరి గట్టున పిల్లల బొమ్మకు అప్పుడు దక్కిన మర్యాద అది. వందేళ్ల తర్వాత మన సొంత పెద్దల దగ్గర దక్కినది బకెట్టు సున్నం. ఇక మీదట దామెర్ల జయంతికి దండలు పట్టుకుని ఎవరు ముందు నిలబడతారో ఈ పత్రిక గమనిస్తూనే ఉంటుంది.

ఒక్క గోడకే ఇంత రాద్ధాంతమా అనేవారికి ఒక మాట. మా భయం ఆ గోడ గురించి కాదు, వచ్చే ఏడాది గురించి. వచ్చే జూన్‌లో పిల్లవాడు పెన్సిలు పట్టగానే డ్రాయింగు మాస్టారే వచ్చి ‘అవన్నీ మనకెందుకురా, కొండలు వెయ్యి’ అంటారు. ఆయన తప్పేమీ ఉండదు, నెలాఖరుకు జీతం రావాలి. ఆ పై ఏడాది మాస్టారు చెప్పనక్కర్లేకుండానే పిల్లవాడు కొండలు వేస్తాడు. అప్పుడిక సున్నం ఖర్చు కూడా ఉండదు. ఇలాంటి అలవాటు ఒక బడిలో మొదలైతే ఆ బడితో ఆగదు. గోడల మీద ఏం కనిపించకూడదో ఒక అధికారి తేల్చేసి అడిగేవాడు లేకుండా పోతే, రేపు సైన్సు ఫెయిరు నమూనాల మీదకీ, ఆ మర్నాడు బడి పత్రికలో పిల్లలు రాసే వ్యాసాల మీదకీ అదే బకెట్టు వస్తుంది.

పైగా మీరు చేసింది చిన్న తప్పేమీ కాదు. బాలల హక్కుల ఒడంబడికకు మన దేశం 1992లో ఒప్పుకుంది. అందులో పదమూడో అధికరణం బిడ్డకు భావప్రకటన స్వేచ్ఛ ఇస్తూ, నోటిమాట, రాత, అచ్చులతో పాటు కళారూపాన్ని కూడా పేరు పెట్టి మరీ చెప్పింది. బడుల్లో పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. బోధించారు. పిల్లలు నేర్చుకున్నారు. నేర్చుకున్నది తమ ఊరికి అన్వయించారు. ఏ గురువైనా పొంగిపోవలసిన ఘడియ అది. మీరు మాత్రం పాఠం పుస్తకంలో ఉన్నంతసేపు పర్యావరణమనీ, గోడ మీదకు రాగానే గొడవ అనీ తేల్చారు.

ఇంకో సంగతి. తెల్లబడిన ఆ గోడ ఎక్కువ రోజులు తెల్లగా కూడా లేదు. ఇప్పుడక్కడ ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతోంది, మేకులు దిగ్గొట్టి మరీ. ఫ్లెక్సీలు నిషేధిస్తామని 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది, పార్టీలు మారినా ఫ్లెక్సీలు మారలేదు. పర్యావరణ దినోత్సవ సభకు కట్టిన బ్యానరు సైతం ఫ్లెక్సీయేనని మా విలేకరి చెబుతున్నారు. పిల్లల రంగులు గోడను పాడుచేశాయట, ఈ ప్లాస్టిక్కు గుడ్డ అందం తెచ్చిందట! అనుమతి లేని బొమ్మలు కనుక తొలగించామని ఒకరెవరో గొణిగినట్టు విన్నాం. పిలిచి వేయించిన బొమ్మలకు అనుమతి లేకపోతే ఈ పుట్టినరోజుకు ఎవరిచ్చారు?

ఆ ఊరి పెద్దలు చేయవలసింది పెద్దదేమీ కాదు. ఫ్లెక్సీ దింపించండి. ఆ నాలుగు బొమ్మలు వేసిన పిల్లలను ఇంటికి కబురుపెట్టి పిలిపించి, అందరి ఎదుటా తప్పయిపోయిందని చెప్పండి. వాళ్లకు ఇష్టమైతే మళ్లీ వేస్తారు, ఇష్టం లేకపోతే బలవంతం చేయవద్దు. ఫొటోల కోసం రావద్దు, ఒకసారి దిగారు, చాలు. విచారణ కమిటీ వేశాం, నివేదిక రావాలి అనే పాత పాట ఇక్కడ చెల్లదు. ఒక గోడకు సున్నం కొట్టించిందెవరో తేల్చడానికి కమిటీ అక్కర్లేదు, చిట్టా పుస్తకం తెరిస్తే చాలు. పిల్లల రంగులకు డబ్బుల్లేవని చందాలు పోగుచేయించిన చోట, రాత్రివేళ సున్నానికీ కూలీకీ డబ్బు ఎక్కడిది, ఏ పద్దు కింద రాశారు, సంతకం ఎవరిది? ముందు అది చెప్పండి.